నిప్పు రాజేసే బిళ్ళలు

పల్లెలో నీళ్ళపొయ్యి అంటించేటప్పుడు అవ్వ ఏం చేస్తుందో ఎప్పుడైనా గమనించారా? అగ్గిపుల్ల గీసి నేరుగా తుమ్మమొద్దు కింద పెట్టదు. అలా పెడితే పుల్ల కాలిపోతుంది, వేలు చురుక్కుమంటుంది, మొద్దు మాత్రం కొంచెం నల్లబడి ఊరుకుంటుంది. అందుకని ముందు గుప్పెడు టెంకాయ పీచు పెడుతుంది. దానిమీద చితుకులు, చితుకులమీద సన్నకట్టెలు, అన్నిటికీ పైన మొద్దు. అగ్గిపుల్ల పీచును అంటిస్తుంది. పీచు చితుకులను, చితుకులు సన్నకట్టెలను, సన్నకట్టెలు మొద్దును అంటిస్తాయి.

మంట కూడా మనలాగే మెట్లెక్కి పైకి పోతుందన్నమాట! ఒక్క మెట్టు తీసేసినా అది అక్కడే ఆగిపోతుంది. ఎందుకలా? ఈ సంగతి తెలుసుకొని, ఆ మొదటి మెట్టును ఇంట్లో దొరికే వస్తువులతో అందంగా మనమే తయారుచేసుకొందాం.

కట్టె నిజంగా మండుతుందా?

ఈ ప్రశ్న వింతగా ఉంది కదూ! కాని జాగ్రత్తగా చూస్తే, మంటగా మండేది కట్టె కాదు, కట్టెలోంచి వచ్చే వాయువులు. కట్టెను వేడిచేస్తే ముందు దానిలోని నీరు ఆవిరైపోతుంది. వేడి 200 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన తరువాత కట్టెలోని సెల్యులోజు, లిగ్నిన్ వంటి పదార్థాలు విడిపోయి, మండే స్వభావంగల వాయువులు బయటికి వస్తాయి. అవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండితే మనకు జ్వాల కనిపిస్తుంది. వాయువులన్నీ పోయాక మిగిలిన బొగ్గు జ్వాల లేకుండా ఎర్రగా కణకణలాడుతుంది.

మైనపువత్తి సంగతీ ఇంతే. మైనం కరిగి, వత్తిగుండా పైకెక్కి, ఆవిరయ్యాకనే మండుతుంది. వత్తిని ఊది ఆర్పిన వెంటనే తెల్లని పొగ ఒక పాయగా లేస్తుంది. వెలిగే పుల్లను ఆ పొగకు తాకిస్తే మంట పొగవెంట కిందికి దిగి వత్తిని మళ్ళీ వెలిగిస్తుంది. ఆ పొగలో ఉన్నది మైనపు ఆవిరే. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే 1860 - 61 శీతకాలంలో పిల్లలకోసం ఒక్క మైనపువత్తి గురించే ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. వాటిలో ఈ ప్రయోగం కూడా ఉంది. ఇది మీ ఉపాధ్యాయుణ్ణి చేసి చూపమని అడగండి.

మంట పుట్టడానికి మూడు కావాలి: మండే పదార్థం, ఆక్సిజన్, తగినంత వేడి. మొద్దు విషయంలో మొదటి రెండూ ఉన్నాయి. లేనిది మూడోదే. అగ్గిపుల్ల ఇచ్చే వేడి చాలా తక్కువ, అదీ కొన్ని సెకన్లే. ఆ వేడి లావుపాటి మొద్దులోకి ఇంకిపోతుంది. మొద్దు ఉపరితలం కావలసిన ఉష్ణోగ్రతకు చేరేలోపు పుల్ల ఆరిపోతుంది. పీచుపోగు సన్నంగా వెంట్రుకలా ఉంటుంది. వేడి పోవడానికి దాని లోపల చోటే లేదు. అందుకే క్షణంలో అంటుకుంటుంది.

చిన్న లెక్క

పక్కకు 10 సెంటీమీటర్లు ఉండే ఒక కొయ్య ఘనాన్ని తీసుకొందాం. దానికి ఆరు ముఖాలు. ఒక్కొక్కటి 100 చదరపు సెంటీమీటర్లు. మొత్తం 600. దీన్నే పక్కకు 1 సెంటీమీటరు ఉండే చిన్న ఘనాలుగా కోస్తే 1,000 ముక్కలు వస్తాయి. ఒక్కొక్క ముక్కకు 6 చదరపు సెంటీమీటర్లు. మొత్తం 6,000! కొయ్య బరువు మారలేదు, గాలికి తగిలే వైశాల్యం మాత్రం పదిరెట్లయింది. ఇంకా సన్నగా చీలిస్తే ఇంకా పెరుగుతుంది. కట్టెలు చీల్చి పొయ్యిలో పెట్టడం వెనక ఉన్న లెక్క ఇదే.

చిత్తూరు ప్రాంతంలో బెల్లం వండేచోట దీన్ని బాగా చూడవచ్చు. గానుగలోనుంచి వచ్చిన చెరకుపిప్పిని ఎండలో ఆరబోస్తారు. ఎండిన ఆ పిప్పినే పెనం కింద గుప్పెళ్ళతో తోస్తూ రసం కాస్తారు. పచ్చి చెరకుగడను పొయ్యిలో పెడితే చుయ్యిమని ఏడుస్తుంది. నలిగి, పీచుపీచై, ఎండిన పిప్పి మాత్రం పెట్టీపెట్టగానే మండుతుంది. గడ ఒకటే. మారినవి రెండు: వైశాల్యం పెరిగింది, నీరు పోయింది.

నీరు పోవడం ఎంత ముఖ్యమో చూడండి. 100 డిగ్రీల దగ్గర ఉన్న ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికే సుమారు 540 కాలరీల వేడి కావాలి. దీన్నే గుప్తోష్ణం అంటారు. పచ్చికట్టె పెడితే మన అగ్గిపుల్ల, పీచు ఇచ్చిన వేడంతా ఈ పనికే ఖర్చయిపోతుంది. అందుకే పచ్చికట్టె మంట తక్కువ, పొగ ఎక్కువ.

మన పెద్దల రాజుడు సామగ్రి

అగ్గిపెట్టె వచ్చి రెండువందల ఏళ్ళయింది, అంతే. ఇంగ్లండులో జాన్ వాకర్ అనే మందుల వ్యాపారి రుద్దితే మండే పుల్లలను 1827లో మొదటిసారి అమ్మాడు. ఇప్పుడు మనం వాడే అగ్గిపెట్టె పక్కన ఉండే గీతపట్టీలో ఎర్ర భాస్వరం ఉంటుంది. పుల్ల తలలో పొటాషియం క్లోరేటు ఉంటుంది. రెండూ కలిస్తేనే నిప్పు. చిత్తూరు నుంచి సరిహద్దు దాటితే వచ్చే గుడియాత్తం అగ్గిపెట్టెల తయారీకి పేరుపొందిన ఊరు.

అంతకుముందు చెకుముకిరాయి ఉండేది. రాతితో ఉక్కుముక్కను కొడితే సన్నని ఉక్కురవ్వలు చెక్కుకుపోయి, గాలిలో మండుతూ ఎగిరిపడతాయి. కాని రవ్వతో కట్టె అంటుకోదు. రవ్వను పట్టుకోవడానికి దూదివంటి మెత్తని పొడి పదార్థం కావాలి. యజ్ఞాలలో అరణిని చిలికి నిప్పు పుట్టించేటప్పుడు కూడా రాపిడివల్ల వచ్చిన నిప్పుపొడిని పీచులోకి తీసుకొని మెల్లగా ఊదుతారు. నిప్పు పుట్టించడం సగం పని, దాన్ని నిలబెట్టడం మిగతా సగం.

అందంగా ఉండే రాజుడు సామగ్రి కూడా మనకు కొత్తకాదు. గోదావరి, కృష్ణా జిల్లాల పిల్లలు సంక్రాంతికి ముందు ఆవుపేడతో గారెలంత చిన్న పిడకలు చేసి, నడుమ చిల్లిపెట్టి, ఎండబెట్టి, దండగా గుచ్చుతారు. భోగినాడు తెల్లవారుజామున ఆ దండలను భోగిమంటలో వేస్తారు. ఆ చిల్లి దండ గుచ్చడానికే అనుకొంటున్నారా? దానివల్ల పిడక నడిమిభాగం కూడా త్వరగా ఎండుతుంది. మంటలో పడ్డాక లోపలివైపు నుంచి కూడా గాలి తగులుతుంది. ఆవు తిన్న గడ్డిలో అరగని పీచే పిడకలో మండే పదార్థం. గొబ్బెమ్మలను పిడకలుగా తట్టి, రథసప్తమినాడు వాటిమీద పాలు పొంగించే ఆచారం కూడా అనేక ఇళ్ళలో ఉంది.

చలిదేశాలవారు పైన్ చెట్ల కాయలను మైనంలో ముంచి, బుట్టలో పేర్చి, పొయ్యి పక్కన అలంకారంగా పెట్టుకొంటారు. కావలసినప్పుడు ఒకటి తీసి పొయ్యి రాజేస్తారు. మనకు పైన్ చెట్లు లేవు. అయితేనేం, సరుగుడు చెట్టు ఉంది. దాని కాయలు గోలీకాయంత ఉండి, పొలుసులతో అచ్చం బుల్లి పైన్ కాయల్లా ఉంటాయి. చూపుకు పోలికేగాని ఇవి చుట్టాలు కావు. పైన్ పూలు పూయని చెట్ల జాతికి చెందినది. సరుగుడు పూలు పూసే చెట్టు.

ఇక బిళ్ళలు చేద్దాం

ఇంట్లో పెద్దవాళ్ళు పక్కన ఉన్నప్పుడే ఈ పని మొదలుపెట్టాలి. మైనం కరిగించడం, పోయడం వాళ్ళ పని. ఏరడం, ఎండబెట్టడం, అలంకరించడం మీ పని.

కావలసినవి: టెంకాయ పీచు, చెనిక్కాయ పొట్టు లేదా వడ్రంగి దగ్గర దొరికే రంపపుపొట్టు, వాడి మిగిలిన మైనపువత్తుల ముక్కలు లేదా తేనెమైనం, నూలు వత్తులు, ఆకులతో కుట్టిన చిన్న దొన్నెలు. అలంకారానికి ఎండిన బంతిపూల రేకులు, సరుగుడు కాయలు, నీలగిరి కాయలు, కమలాపండు తొక్కలు.

మొదట పీచును బాగా దులపండి. దానిలోంచి గోధుమరంగు పొడి రాలుతుంది. ఈ పొడి తన బరువుకు అనేక రెట్లు నీటిని పీల్చి పట్టుకోగలదు. మొక్కల కుండీలలో దాన్ని వేసేది అందుకే. కుండీకి అది గుణం, మన బిళ్ళకు అదే దోషం. దులిపిన పీచును, పొట్టును, పూరేకులను, తొక్కలను మూడునాలుగు రోజులు మంచి ఎండలో పెట్టండి. తొక్క వంచితే టప్పుమని విరగాలి. అప్పుడు ఎండినట్లు.

దొన్నెలో పీచును వదులుగా పరిచి, దానిమీద పొట్టు వేయండి. నడుమ వత్తి నిలబెట్టి, దాని కొనను పైకి ఒక అంగుళం వదలండి.

మైనాన్ని ఎప్పుడూ నేరుగా మంటమీద పెట్టకూడదు. ఒక గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యిమీద పెట్టి, మైనం ఉన్న చిన్నగిన్నెను ఆ నీళ్ళలో ఉంచాలి. తేనెమైనం 62 - 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నీళ్ళు ఎంత మరిగినా 100 డిగ్రీలు దాటవు. కాబట్టి మైనం కరుగుతుందిగాని మండే స్థితికి చేరదు. నీటిగిన్నె మనకు కాపలా కాస్తుందన్నమాట. ఆ నీళ్ళు ఇంకిపోకుండా మాత్రం చూసుకోవాలి.

కరిగిన మైనాన్ని మూడుపాళ్ళ పొట్టుకు ఒకపాలు చొప్పున పోయించండి. పొట్టు తడవాలి, మైనంలో తేలకూడదు. మైనం గట్టిపడేలోగా పూరేకులు, కాయలు, తొక్కలు మీకు నచ్చిన ముగ్గులా పైన అద్దండి. గంటలో బిళ్ళ సిద్ధం. అరడజను చేసి వెదురుబుట్టలో పెడితే చూడముచ్చటగా ఉంటాయి. పొయ్యికి, దీపానికి దూరంగా ఉంచాలి.

అలంకారంలో కూడా విచక్షణ కావాలి. గన్నేరు పూలు, ఆకులు, కొమ్మలు వాడవద్దు. ఆ చెట్టంతా విషమే, పొగ కూడా. జిల్లేడు, ఉమ్మెత్త కూడా వద్దు. మెరుపుకాగితం, చెమ్కీ, రంగులు అద్దవద్దు. వాటిలో చాలామట్టుకు ప్లాస్టిక్కే. కర్పూరాన్ని వేడి మైనంలో కలపవద్దు. అది ద్రవం కాకుండానే నేరుగా ఆవిరయ్యే పదార్థం. ఆ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది.

పరీక్షించి చూడండి

మూడు రకాల బిళ్ళలు చేయండి. ఒకదానిలో మైనం వేయవద్దు. రెండోదానిలో చెప్పిన ప్రకారం వేయండి. మూడోదానిలో మైనం వేసి, పొట్టును బొటనవేలితో గట్టిగా అదిమి కూరండి. ఆరుబయట, గాలిలేని వేళ, ఇటుకమీద ఒక్కొక్కటే పెట్టి పెద్దవాళ్ళచేత వెలిగించండి. పక్కన ఒక బకెట్టు ఇసుక ఉండాలి. మంట ఎంతసేపు నిలిచిందో గడియారం చూసి రాసుకోండి. ముందుగా మీ ఊహ కూడా రాసుకోండి. ఊహ, ఫలితం పక్కపక్కన పెట్టి చూడడమే సైన్సు.

మైనం లేనిది భగ్గుమని త్వరగా ఆరిపోవడం చూస్తారు. మైనం ఉన్నదానిలో ప్రతి పీచుపోగూ ఒక వత్తిలా పనిచేస్తుంది. కరిగిన మైనం సన్నని సందులగుండా పైకి పాకుతుంది. దీన్నే కేశనాళికా చర్య అంటారు. మైనం ఆవిరై మండుతున్నంతసేపు పీచు వెంటనే కాలిపోదు. అలా మంట నిమిషాల తరబడి నిలుస్తుంది. సన్నకట్టె అంటుకోవడానికి కావలసింది ఆ వ్యవధే. గట్టిగా అదిమినదానిలో మైనం ఉన్నా గాలి ఆడదు. అందుకే అది మందకొడిగా మండి, పొగ ఎక్కువ చేస్తుంది.

గాలి ఆడకపోవడం అన్నిచోట్లా తప్పు కాదు. తిరుమల తిరుపతి దేవస్థానంవారు తమ ఆలయాలలో వాడిన పూలను ఎండబెట్టి, పొడిచేసి, అగరువత్తులుగా చేయించి 2021 సెప్టెంబరు నుంచి అమ్ముతున్నారు. అగరువత్తికి జ్వాల అక్కరలేదు. మెల్లగా రాజుకుంటూ వాసన ఇవ్వాలి. అందుకే పొడిని ముద్దచేసి పుల్లకు గట్టిగా పట్టిస్తారు. పూలు అవే. వదులుగా పేరిస్తే మంటకు మొదటి మెట్టు, అదిమి ముద్దచేస్తే పరిమళం.

ఈ బిళ్ళ ఎందుకు?

అందంకోసమే అయితే ఇంత శ్రమ అక్కరలేదు. దీనికి ఇంకో ప్రయోజనం ఉంది. పొయ్యి అంటుకోకపోతే చాలామంది కిరసనాయిలు పోస్తారు. కిరసనాయిలు 35 - 40 డిగ్రీల ప్రాంతంలోనే, నిప్పు తాకితే అంటుకునేంత ఆవిరిని వదులుతుంది. ఎండాకాలంలో తిరుపతిలో గాలి వేడే 40 డిగ్రీలు దాటుతుంది! ఇక ఆరినట్లు కనిపించే పొయ్యిలో బూడిదకింద నిప్పుకణికలు ఉంటే చెప్పేదేముంది? పోసిన నూనె ఆవిరై ఒక్కసారి ఎగదన్నుతుంది. ధారవెంట మంట సీసాలోకే పాకవచ్చు. పెట్రోలు మరీ ప్రమాదం. అది సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా అంటుకునేటంత ఆవిరి వదులుతుంది. చేతులు శుభ్రం చేసుకొనే శానిటైజరు కూడా పొయ్యిలో పోయరాదు. దానిలోని ఆల్కహాలు మంట పగటివెలుగులో సరిగా కనిపించను కూడా కనిపించదు.

కొందరు ప్లాస్టిక్ సంచి చుట్టి అంటిస్తారు. భోగిమంటలో పాత టైరు వేస్తారు. టైరులోని గంధకం మండి ఊపిరాడనివ్వని గంధకపు వాయువు వస్తుంది. పి.వి.సి. ప్లాస్టిక్ కాలితే హైడ్రోజన్ క్లోరైడుతోపాటు డయాక్సిన్లనే విషాలు పుట్టగలవు. చలి కాచుకొనేందుకు మంటచుట్టూ కూర్చొనేది చంటిపిల్లలు, ముసలివాళ్ళే కదా! ఆ పొగ నేరుగా వాళ్ళ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. కట్టె పొగ కూడా మంచిది కాదు. కాబట్టి ఏ మంటయినా గాలి ఆడేచోటే వేయాలి. తలుపులు మూసిన గదిలో నిప్పు ఉంటే కార్బన్ మోనాక్సైడు చేరుతుంది. దానికి రంగూ వాసనా లేవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మరొక మాట. మండుతున్న మైనంమీద, నూనెమీద నీళ్ళు పోయవద్దు. నీరు మైనంకంటె బరువు కనుక అడుగుకు పోయి, అక్కడి వేడికి ఒక్కసారి ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు ఉబ్బుతుంది. ఆ ఊపుకు మండే మైనం చుట్టూ చిమ్ముతుంది. ఇసుక పోయాలి. గిన్నె అయితే మూత పెట్టాలి. ఆక్సిజన్ అందదు, మంట ఆగుతుంది. ఒంటిమీద కాలితే మాత్రం మామూలు చల్లని నీళ్ళు 20 నిమిషాలసేపు ధారగా పోసి, డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. పేస్టు, సిరా పూయకూడదు.

కొండమీది చితుకులు

ఈ బిళ్ళలకు కావలసిన ఆకులు, కాయలు ఇంటిచుట్టూ, బడితోటలో ఏరుకోండి. శేషాచలం అడవిలోకి పోవద్దు. 2010లో ఆ కొండలను జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఎర్రచందనం తూర్పు కనుమల దక్షిణభాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. దాని ముఖ్యమైన నెలవు ఈ కొండలే.

మనం నేర్చుకొన్న మెట్ల సూత్రమే అడవికీ వర్తిస్తుంది. శివరాత్రి దాటేసరికి చెట్లు ఆకు రాలుస్తాయి, గడ్డి ఎండి పసుపుపచ్చగా మారుతుంది. ఆ గడ్డే పీచు. రాలిన ఆకులు చితుకులు. పొదలు సన్నకట్టెలు. చెట్లు మొద్దులు. ప్రకృతి తనంతట తానే పొయ్యి పేర్చి పెట్టినట్లు ఉంటుంది. ఇక కావలసింది ఎవరో విసిరేసిన ఒక బీడీముక్క. 2014 మార్చిలో తిరుమల దగ్గర శేషాచలం అడవులలో చెలరేగిన మంటలను ఆర్పడానికి వైమానికదళం హెలికాప్టర్లు కూడా రావలసివచ్చింది.

అటవీశాఖవారు వేసవికి ముందే అడవిలో గడ్డి, ఆకులు తొలగించి ఫైర్‌లైన్లు అనే ఖాళీ దారులు తీస్తారు. వాటి పని ఏమిటో ఇప్పుడు మీకే తెలుసు. మంట ఎక్కే మెట్లలో ఒకదాన్ని తీసేయడమే! పొయ్యి రాజేయాలంటే మెట్టు పేర్చాలి. అడవి కాపాడాలంటే మెట్టు తీయాలి. సూత్రం ఒకటే.

మీకు కొన్ని ప్రశ్నలు:

1. భోగిపిడకకు ఒక చిల్లికి బదులు మూడు చిల్లులు పెడితే ఏమవుతుంది? చేసి చూడండి.

2. వానాకాలంలో అగ్గిపుల్ల సరిగా వెలగదు. తడిసింది తలా, గీతపట్టీయా, పుల్లా? ఎలా కనుక్కొంటారు?

3. సన్నని ఇనుపతీగల ఉండను వేడిచేస్తే ఎర్రగా రాజుకుంటుంది. ఇనుపమేకు రాజుకోదు. కారణం మీరే చెప్పండి.